పదమూడో తారీఖు గడి

నిద్రపోతోందా, నిద్రపోయినట్టు నటిస్తోందా? తాండూరులో బండి కదిలినప్పటి నుంచి చూస్తున్నాను. కిటికీ చువ్వకు తల ఆనించి కళ్ళు మూసుకుంది నా కోడలు నిరోషా. నిజంగా నిద్రపట్టిన మనిషికి నోరు కొంచెం తెరుచుకుంటుంది, వేళ్ళు వదులవుతాయి. అంగన్‌వాడీ ఆయాను నేను, రోజూ మధ్యాహ్నం ఇరవై మంది పిల్లలను పడుకోబెడతాను, దొంగనిద్ర నాకు తెలియదా? ఈమె నోరు మూసే ఉంది. వేళ్ళు చున్నీ కొసను పట్టుకునే ఉన్నాయి. ఫైలు మాత్రం నా ఒళ్ళో ఉంది. బండి ఎక్కగానే "అత్తమ్మా, జర పట్టుకో" అని ఇచ్చేసింది. ఎందుకిచ్చింది? వారం రోజులుగా బీరువాలో బట్టల కింద పెట్టుకుని, తాళంచెవి తలకింద పెట్టుకుని పడుకున్న ఫైలు ఇది. పదో తరగతి మెమో, ఇంటరు మెమో, టీసీ, కులం సర్టిఫికెట్, అన్నీ అసలు కాగితాలే. చంటిపిల్లను ఇచ్చినంత తేలిగ్గా నా చేతికిచ్చి కళ్ళు మూసుకుంది. చంటిపిల్లనైనా అట్లా ఇచ్చేటప్పుడు ఒకసారి వెనక్కి చూస్తారు.

ఈ ఫైలు ఈ రోజు రెండు చోట్లలో ఒకచోటికే పోతుంది. వికారాబాదులో ప్రభుత్వ టీచరు ట్రైనింగు కాలేజీ ఉంది, అందులో నిరోషాకు సీటు వచ్చింది. అసలు కాగితాలు ఇచ్చి చేరడానికి ఈ రోజే ఆఖరు. వికారాబాదు స్టేషనులో మత్తయ్య కూడా ఉంటాడు. మా ఆయన పినతండ్రి కొడుకు, నాకు మరిది వరస. ఆ కాగితాలే అతని చేతికిస్తే, క్లాసుకు పోకుండానే అదే పేరున్న సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నాడు. అసలు కాగితాలు ఒక్కటే జత. అతని దగ్గరికి పోతే కాలేజీ సీటు పోయినట్టే. మత్తయ్యకే ఇయ్యాలని చెప్పింది నేను. నిరోషా సరేననలేదు, వద్దనలేదు. సరేనని గాని వద్దని గాని అనని మనిషిని ఒంటరిగా బండెక్కిస్తారా ఎవరైనా? అందుకే సెంటరుకు సెలవు పెట్టి, మూడేళ్ళ మనవరాలిని పద్మారాణి టీచరుకు అప్పజెప్పి, నేనూ వచ్చాను. కోడలికి తోడు అని ఇంట్లో చెప్పాను. కాపలా అని నాకు తెలుసు, నిరోషాకూ తెలిసే ఉంటుంది.

కిటికీ బయట నాపరాళ్ళ గుట్టలు వెనక్కి పోతున్నాయి, పగిలినవి, పనికిరానివి, వాన నీళ్ళు తాగి నల్లబడ్డవి. నా కొడుకు డేవిడ్ పాలిషు మిషను దగ్గర చేసే పని ఈ రాళ్ళతోనే. వాడి కనురెప్పల మీద ఎప్పుడూ తెల్లటి పొడి. పెళ్ళాం చదువు గురించి అడిగితే "మీ ఇద్దరు ఏమనుకుంటే గదే" అంటాడు. మేమిద్దరం ఒకటి అనుకుంటే వాణ్ణి ఎవరు అడుగుతారు? బషీరాబాదులో ఒక ప్రైవేటు బడిలో నర్సరీ పిల్లలకు చెబుతుంది నిరోషా. మిస్సు అంటారు, మంచిగా చెబుతుందంటారు, కానీ ట్రైనింగు లేదని ప్రతి జూన్‌లోనూ పిలిచి, ఈసారికి ఉండు అంటారు. ఈసారికి ఉండు అంటే వచ్చేసారికి వద్దనే కదా. అందుకే పోయిన ఎండాకాలం బియ్యం చెరుగుతూ నాకు మొత్తం చెప్పింది. ఇంటరు మీద రెండేళ్ళ ట్రైనింగు ఉంటుందట, అందులో ఐదో తరగతి దాకా చెప్పేవాళ్ళకు ఒకటి, బడికి రాకముందు చిన్నపిల్లలను చూసేవాళ్ళకు ఒకటి. డిగ్రీ చేసి బి.ఎడ్. చదివితే పెద్ద తరగతులకేనట, చిన్న తరగతులకు అది చెల్లదని కోర్టు చెప్పిందట. అందుకని ముందు ఈ రెండేళ్ళు, ఆ తర్వాత ఇంట్లో ఉండే దూరవిద్యలో డిగ్రీ, ఆ తర్వాత పిల్లల చదువు మీదే ఇంకా పెద్ద చదువు. చేటలో బియ్యం ఎగరేస్తూ చెబుతోంది, నేను రాళ్ళు ఏరుతూ వింటున్నాను. ఒకటి అయ్యాక ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. ఈ పిల్ల ఎక్కడ ఆగుతుంది అనుకున్నాను. ముందు వికారాబాదు, ఆ తర్వాత పట్నం, ఆ తర్వాత? పక్కింటి బుగ్గమ్మ గొర్రెలకు ఆకు కోసుకుంటూ ఊరికే ఉండకుండా ఒక మాట వేసింది. "ఏం మొగులమ్మా, కోడలు రోజు రైలెక్కుతదట. పొద్దుగాల పోయిన గొర్రె మాపటికి దొడ్డికొస్తది. కోడలొస్తదా?" నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. మూడు రోజులు నిద్రపట్టలేదు.

నాలుగో రోజు ఆదివారం. ఆరాధన అయ్యాక మత్తయ్యను గుడి బయట ఆపాను. "ఇంట్ల ఉండంగనే అయ్యే చదువు లేదా మత్తయ్యా?" అని అడిగింది నేనే. నా నోటితోనే. అతను చెప్పుల్లోకి కాళ్ళు దూర్చుకుంటూ, "గట్ల అడుగు వదినె! మస్తు మంది చేస్తున్నరు. పోయినేడే చేరినట్టు రాపిస్త. ఒక ఏడాది చదివినట్టే లెక్క. ఇంకో ఏడాది పరీక్షలకు పోతే సరి. కాలేజీ జర దూరం, మనం పోయేదుందా ఏంది" అన్నాడు. ఆ కాలేజీ పేరు చెప్పాడు గాని నాకు నోరు తిరగలేదు. చదవని ఏడాది చదివినట్టు ఎట్లా అవుతుంది అని అప్పుడు నాకు ఎందుకు అనిపించలేదు? అనిపించింది. అడగలేదు. కోడలు పొయ్యి దగ్గరే ఉంటుందన్న మాట ఒక్కటే నా చెవిలో పడింది.

రుక్మాపూర్‌లో బండి ఆగింది. ఎవరో కందిపప్పు సంచి ఎక్కించారు, ఆ వాసన పెట్టెంతా నిండింది. నిరోషా కదల్లేదు. కనురెప్ప కింద గుడ్డు కదిలినట్టుంది. కల కంటోందా, నన్ను చూస్తోందా? ఈమె మీద నాకు మొదటి నుంచీ ఇట్లాంటి అనుమానాలే. కరోనా ఏడాదిలో కోడలిగా వచ్చింది. బళ్ళు మూసేశారు. వచ్చిన రెండో నెలలోనే వీధిలో పిల్లలందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టింది. పలకలు లేవు, మా అరుగు నాపరాళ్ళదే కదా, ఒక్కొక్కరికి ఒక రాయి పంచి ఇచ్చింది, దాని మీదే సుద్దముక్కతో రాయించింది. పిల్లలు పోయాక తడిగుడ్డతో అరుగు తుడవడం నా పని. వంగి తుడుస్తుంటే గీతలన్నీ తెల్లటి నీళ్ళయి పోయేవి. ఒకరోజు ఒక రాయి మీద ఒకటే గుర్తు మళ్ళీ మళ్ళీ ఉంది, అచ్చం మా ఆయన చుట్ట పెట్టుకునే డబ్బీ మీద ఉన్నట్టు. "ఇదేంది పిల్లా?" అన్నాను. "మ అత్తమ్మా. మొగులమ్మల మొదటిది" అంది. ఆ రాయి తుడవలేదు ఆ రోజు. తర్వాత నుంచి ఏ రాయి తుడిచినా ముందు అడిగేదాన్ని, చెప్పాక తుడిచేదాన్ని. అట్లా తుడుస్తూ తుడుస్తూ నేర్చుకున్నాను, యాభై దాటాక. మా ఆయన ఏసుదాసు అరుగు చివర కూర్చుని "నీ అత్తకు పరీక్ష పెట్టు కోడలా, తప్పితే బువ్వ బంద్" అనేవాడు.

నేర్పిస్తుంటే కూడా అనుమానమే నాకు. ఈ పిల్లకు నాతో ఏం పని? ఏ కాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి ఈ తయారీ? ఏడాది చూశాను. ఏ కాగితమూ తేలేదు. అయినా అనుమానం పోలేదు, ఇంకా పెద్ద కాగితమేదో ఉంటుందిలే అనుకున్నాను.

అనుమానం నాకు ఊరికే రాలేదు. సెంటరులో బరువుల రిజిస్టరు నేర్పింది. అక్షరం రాని రోజుల్లోనే నేర్పింది. నెలనెలా పిల్లలను తూకం వేసి రాయాలి. తూకం మిషను చెడిపోయింది, బాగుచేసే వాళ్ళు రాలేదు. సూపర్‌వైజరు వస్తుందని తెలిసిన రోజు పద్మారాణి టీచరు చాప మీద కూర్చుని మూడు నెలలవి ఒకేసారి నింపేది. ప్రతి పిల్లకూ నెలకు ఇంత అని పెంచుకుంటూ పోయేది. చెడ్డ మనిషి కాదు, మధ్యలో లేచి పిల్లలకు ముక్కులు తుడిచి వచ్చి మళ్ళీ నింపేది. భవ్యశ్రీ అని ఒక పిల్ల ఉండేది. రోజూ నేనే చంక నెత్తుకుని తెచ్చేదాన్ని. ఒకరోజు ఎత్తుకుంటే చెయ్యి ఉత్తగా పైకి లేచినట్టయింది, నిండు బిందె అనుకుని ఎత్తితే ఖాళీ బిందె అయినట్టు. చేతి గాజు మోచెయ్యి దాకా జారుతోంది. "టీచరమ్మా, పిల్ల తేలికైంది" అన్నాను. "రిజిస్టరుల మంచిగనే పెరుగుతుంది గద మొగులమ్మా" అంది. రాతలో పెరుగుతోంది. నాకు చదువు రాదు, ఆమెకు వచ్చు. నా చెయ్యి నిజమా, ఆమె కాగితం నిజమా? నా చేతినే తప్పనుకున్నాను. రెండు నెలల తర్వాత కొత్త సూపర్‌వైజరు సొంత మిషను తెచ్చి తూచింది. ఆ సాయంత్రమే పిల్లను తాండూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. బతికింది, ఇప్పుడు రెండో తరగతి, నన్ను చూస్తే పరిగెత్తుకొస్తుంది. కానీ ఆ తర్వాత ఏ రిజిస్టరు చూసినా నా కళ్ళు ముందు సిరాను చూస్తాయి. రోజుకొకటి రాసిన దాంట్లో అక్షరాలు ఒక్కోరోజు ఒక్కో తీరుగా ఉంటాయి. కూర్చుని నింపిన దాంట్లో అన్నీ ఒకే వైపు వాలతాయి, గాలికి వాలిన గడ్డిలాగా.

ఫైలుకు ఒక గుండీ ఉంది. తీస్తే టప్‌మని చప్పుడవుతుంది. బొటనవేలు అడ్డం పెట్టి మెల్లగా తీశాను. నిరోషా కళ్ళు తెరవలేదు. పరాయి వాళ్ళ సంచి విప్పుతున్నట్టు అనిపించింది. కోడలి ఫైలేగా. అయినా దేని కోసం వెతుకుతున్నాను? కాలేజీకి ముందే ఏదైనా రాసి పెట్టిందేమో. ఎవరిదైనా ఫోన్ నంబరు ఉందేమో. నాకు చెప్పని కాగితం ఒక్కటైనా ఉంటుందని నా నమ్మకం. మెమోలు ఉన్నాయి. వికారాబాదు కాలేజీ సీటు కాగితం ఉంది, దాని మీద ఆమె ఫోటో, పక్కకు చూస్తున్నట్టు. దాని కింద మత్తయ్య ఇచ్చిన కాగితాలు, మడత పడకుండా వేరే కవరులో. పోయిన ఆదివారమే ఇచ్చి, అన్నిట్లో సంతకాలు పెట్టుకుని రమ్మన్నాడు. ఇవే, ఆ చదవని ఏడాది.

నెలకొక హాజరు కాగితం. అడ్డంగా గడులు. మొదటి గడిలో తారీఖు, రెండో దాంట్లో వచ్చిందని ఇంగ్లీషు గుర్తు. ఆ ఒక్క ఇంగ్లీషు అక్షరం నాకు తెలుసు, సెంటరు రిజిస్టరులో పిల్లలకూ అదే పెడతారు. మూడోది సంతకానికి. ఆదివారాలు తెలివిగా వదిలేశారు. జూలై. నిరోషా, నిరోషా, నిరోషా. తెలుగులోనే చేస్తుంది సంతకం, అరుగు రాయి మీద రాసినట్టే గుండ్రంగా. ఆగస్టు. సెప్టెంబరు. అన్నీ ఒకే సిరా, అన్నీ కుడి వైపు వాలి ఉన్నాయి. పెట్టేసింది అన్నమాట. నా మాట విన్నది. అనుకున్నది అయినందుకు సంతోషం రావాలి కదా, రాలేదు. భవ్యశ్రీని ఎత్తుకున్నప్పటి చెయ్యి గుర్తొచ్చింది. అక్టోబరు. నవంబరు. ఒకటి, రెండు, నాలుగు. పన్నెండో తారీఖు సంతకంలో చివరి అక్షరం దగ్గర పెన్ను నొక్కుకుపోయి కాగితం కొంచెం చిరిగింది. పదమూడో తారీఖు గడి ఖాళీ. దాని కింద అన్నీ ఖాళీ. కాగితం తిప్పాను. డిసెంబరు, జనవరి, తెల్లగా ఉన్నాయి.

ఎందుకు ఆగింది? పెన్ను అయిపోయిందా? పిల్ల లేచి ఏడ్చిందా? వేలు ఆ గడి మీదే పెట్టి మళ్ళీ చదివాను, ఒకటి, మూడు, పదమూడు. పక్కన నెల అంకె, పదకొండు. అప్పుడు బండి ధారూరు దగ్గర నెమ్మదించింది, ఏటా మా క్రైస్తవులందరం డేరాలు వేసుకుని దిగే జాతర మైదానం కనిపించింది, ఖాళీగా, వానకు పచ్చగడ్డి లేచి. నవంబరు, జాతర వారం. మా ఆయన పోయినేడు కొత్త డేరా కుట్టించాడు. పాతది రెండేళ్ళుగా కారుతోంది, ఈసారి అందరం ఒకే డేరాలో పడుకుందామన్నాడు. జాతరకు పోవడానికి మూటలు కట్టుకుంటుంటే, మంగళవారం పొద్దున, డేరా తాడు చేతిలో పట్టుకునే గడపలో కూలబడ్డాడు. ఎత్తి ఆటోలో పెట్టే లోపలే అయిపోయింది. బుధవారం మట్టిలో పెట్టాము. ఎండ మండిపోతుంటే ఆ కొత్త డేరా గుడ్డనే గుంత పక్కన నాలుగు కర్రలకు కట్టారు, పాస్టరుకు నీడకు. ఆ రోజు పదమూడు.

ఆ రోజు నాకు సగమే గుర్తుంది. ఎడమ చంకలో ఎవరిదో చెయ్యి ఉంది, పొద్దున నుంచి మాపటి దాకా తియ్యలేదు. ఆ చెయ్యి గాజులు నా పక్కటెముకలకు గుచ్చుకున్నాయి. మట్టి వేసేటప్పుడు నా పిడికిలి విప్పుకోకపోతే ఒక్కొక్క వేలూ విప్పింది ఆ చెయ్యే. రాత్రి గంజి తాగించిందీ అదే. ఈ కాగితం ఏమంటోంది? ఆ రోజు నిరోషా నాకు పేరు కూడా పలకరాని ఊళ్ళో క్లాసులో కూర్చుని ఉందట. మరి నా పక్కన ఎవరున్నారు? ఎవరూ లేరా? ఒక సంతకం పడితే నేను ఆ గుంత దగ్గర ఒంటరిగా నిలబడ్డట్టే కదా. ఆ పిల్ల నన్ను ఒంటరిదాన్ని చేయలేకపోయింది. ఆ మాట నాకు చెప్పనూ లేదు. చెబితే నేను ఏమనేదాన్ని? సాకులు వెతుకుతున్నావు అనేదాన్ని. అనేదాన్నే.

కవరు మూశాను. గుండీ పెట్టేటప్పుడు వేలు అడ్డం పెట్టడం మరిచిపోయాను, టప్‌మంది. నిరోషా కళ్ళు తెరిచింది, నిద్రలోంచి లేచిన మనిషి తెరిచినట్టు కాదు. "వికారాబాదు వచ్చిందా అత్తమ్మా?" అంది. కిటికీ బయట ఎర్రమట్టి, అడవి. "ఒస్తుంది" అన్నాను. ఫైలు కోసం చెయ్యి చాపలేదు ఆమె. తెలిసే ఇచ్చిందా నాకు? చదవడం నేర్పింది కాబట్టి చదువుతానని తెలిసే, నోరు విప్పలేని మాట నా ఒళ్ళో పెట్టి కళ్ళు మూసుకుందా? అడిగితే చెప్పదు. నేనూ అడగను.

మత్తయ్య ప్లాట్‌ఫారం మీద టీ కొట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"దా వదినె, దా. బండి లేటైంది. సంతకాలైనయా పిల్లా?"

నిరోషా నా వైపు చూసింది.

"పదమూడో తారీఖు కాడ ఆగింది మత్తయ్యా, నవంబరు" అన్నాను.

"గంతేనా! పెన్నుంది గద. గీడనే పెట్టు బిడ్డా, నిమిషం పని."

"ఆ దినం నువ్వు యాడున్నవు?"

"నేనా? నేను..." లెక్క వేసుకున్నాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. "అన్న మట్టి కాడున్న వదినె."

"పెట్టె మోసినవు. తల దిక్కు. మరి నా పక్కన ఎవరుండె?"

మత్తయ్య నిరోషాను చూశాడు, నన్ను చూశాడు. "కాగితం సంగతి వేరే వదినె. అది ఎవరు చదువుతరు?"

"నేను చదివిన."

మత్తయ్య చెయ్యి చాపి, "సరే తీ, నా కాగితాలు నాకియ్యి" అన్నాడు. మా పిల్ల సంతకాలున్న నాలుగు నెలల పైచిలుకు కాగితాలు. రేపు వాటి మీద ఏం రాసుకుంటాడో ఎవరికి తెలుసు? "పొయ్యిల పెట్టుకుంట" అన్నాను, కవరు మడిచి రొంటిన దోపుకున్నాను. "నిన్నెవ్వరు నమ్మిస్తరు వదినె" అన్నాడు మత్తయ్య. మళ్ళీ టీ గ్లాసు తీసుకున్నాడు.

బయట ఆటోవాడు ఎక్కడికి అన్నాడు. జవాబు నా నోట్లోంచే రావాలని చూస్తోంది నిరోషా. "ట్రైనింగు కాలేజీకి" అన్నాను. ఆటోలో కూర్చున్నాక అంది, "రెండేండ్లు రోజు రావాలె అత్తమ్మా. పొద్దుగూకినంకనే ఇంటికొస్త."

"తెలుసు. బండిల నిద్రపోయినవా?"

"పోయిన అత్తమ్మా."

అబద్ధం. మూతి పక్కన నవ్వు ఆపుకుంటోంది. నేను ఇటు తిరిగి రోడ్డు చూశాను.

కాలేజీలో కాగితాలు తీసుకుని రసీదు ఇచ్చారు. రసీదు నేను రెండుసార్లు చదివాను. మర్నాటి నుంచే క్లాసులు అన్నారు. ఇంటికి వచ్చాక గుడి వాళ్ళు ఇచ్చిన గోడ క్యాలెండరు దించి, ఈ రోజు గడిలో ఆ ఒక్క ఇంగ్లీషు అక్షరం నా చేత్తో పెట్టాను. వంకరగా వచ్చింది. డేవిడ్ అన్నం ముందు కూర్చుని వింతగా చూశాడు. నిరోషా పిల్లను భుజాన వేసుకుని వచ్చి, నా వెనక నిలబడి, "రేపటిది గూడ పెట్టెయ్యి అత్తమ్మా, ఎట్లన్న పోత గద" అంది.

"రేపటిది రేపే" అన్నాను. "నువ్వు బండి దిగి ఇంట్లకొచ్చినంక. ఏం చెప్పిన్రో నాకు చెప్పినంక."